తల్లి ఉండగా పెట్టని దాణా

అరకు,
బుధవారం

అప్పకు,

నీ చెల్లెలు సుక్కి దండాలు. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? అయ్య దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. మన గూడేనికి ఫోను అందదు కాబట్టి సీతంపేట వైపు వెళ్తున్న మేస్త్రి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఈ పందుల ఫారంలో చలి మన కొండ మీద కంటే ఎక్కువ. కడుపు నిండా అన్నం పెడుతున్నారు కానీ చోడి అంబలి లేక నోరు చప్పగా ఉంది. మన సవర మాట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పందులతోనే మాట్లాడుకుంటున్నాను.

అప్పా, ఇక్కడ ఒక సంగతి జరిగింది. నాకు ఒక తల్లి పందినీ దాని పది పిల్లలనూ అప్పగించారు. పిల్లలకు రెండు వారాలు నిండగానే, తల్లికి అందని మూల పళ్లెంలో రోజూ పిడికెడు దాణా పెట్టమన్నాడు సూపర్‌వైజర్. పెడితే అవి అందులో దొర్లాయి, ఉచ్చ పోశాయి. తల్లికి పాలుండగా దాణా దండగ కదా అనుకున్నాను. మన ఇంట్లో పంది పిల్లలకు ఎవరు పెట్టారు? రెండు రోజులకే మానేసి, ఆ దాణా తల్లి తొట్టిలో వేశాను. ఎవరికీ చెప్పలేదు.

అయిదో వారంలో పాలు మాన్పించడానికి తల్లిని వేరే గదికి తోలారు. పిల్లలు ఒకటే అరుపులు. రెండు రోజులు దాణా ముట్టలేదు. మూడో రోజు ఎగబడి తిన్నాయి, ఆ మర్నాటి నుంచి నీళ్లలా పారుకున్నాయి. రెండు చచ్చిపోయాయి. ఒకటి నా ఒళ్లోనే పోయింది.

నాతో పనిచేసే కొండమ్మ, "తల్లిని తీసీసినారు గదా, బెంగతో పోనాయి. దానికి మందేటి?" అంది. సూపర్‌వైజరేమో దాణా బూజు పట్టిందన్నాడు. ఏది నిజమో నాకు అంతు పట్టలేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చి, చచ్చిన పిల్లను కోసి చూసింది. "తల్లి దగ్గరున్నప్పుడు దాణా అలవాటు చేశారా?" అని అడిగింది.

"సేసినామండి. ఈ గుంటే ఎట్టింది" అన్నాడు సూపర్‌వైజర్ నన్ను చూపిస్తూ.

"రెండ్రోజులే ఎట్టినానండి. తరవాత తల్లికే ఏసీసినాను" అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "పేగు లోపల సన్నటి నూగులాంటిది ఉంటుందమ్మా. తిండి సారం ఒంటికి పట్టించేది అదే. కడుపు ఖాళీగా ఉంటే అది కుంచించుకుపోతుంది. అప్పుడు ఒక్కసారిగా తింటే అరగదు. దాణా ముందే అలవాటైతే తల్లిని తీసినా తింటూనే ఉంటాయి" అంది.

"మా ఊళ్లో పిల్లలకి ఎవులూ ఎట్టరు గదండి?"

"మీ ఊళ్లో అవి తల్లి వెనకే తిరుగుతూ మట్టి, దుంపలు కెలికి ముందే నేర్చుకుంటాయి. ఇక్కడ ఉన్నది సిమెంటు గచ్చు."

ఆమె చెప్పినట్టే దాణాను గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపి, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టాను. కింద పొడి గడ్డి పరిచాను. ఆరు కోలుకున్నాయి. రెండింటికి ఇంకా డొక్కలు కనిపిస్తున్నాయి.

పని పోతుందని మూట సర్దుకున్నాను. కానీ నిన్న సూపర్‌వైజర్ ఇంకో తల్లినీ పదకొండు పిల్లలనూ నాకే అప్పగించాడు. "నాకెందుకండి?" అంటే, "నువ్వైతే ఇంక మరిసిపోవు గదా" అన్నాడు. అది నమ్మకమో, దెప్పడమో నాకు అర్థం కాలేదు.

మన పంది ఈనితే, పిల్లలు ఎన్నో రోజున నేల కెలకడం మొదలుపెడతాయో చూసి రాయించు. వీలైతే శేరు చోడి పిండి పంపు.

పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెన నా మీద ఉండనివ్వండి. ఆ రెండు పంది పిల్లలు పోయిన మాట అయ్యకు చెప్పాలో వద్దో నాకు తోచడం లేదు. చెబితే మాత్రం, నేనే ఒప్పుకున్నానని కూడా చెప్పు.

నీ చెల్లెలు,
సుక్కి