పాప మోచెయ్యి

బారిడీహ్, ఆదివారం

అమ్మకు నమస్కారం. పాప ఇప్పుడు బాగుంది, ఆ మాట ముందే రాస్తున్నాను. ఫోన్‌లో నీకు సరిగ్గా వినపడదని ఈ కార్డు.

పోయిన సోమవారం ఉదయం మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోశాను. ఒళ్లంతా నూనె. జారిపోతుందేమోనని, మనం ఎప్పుడూ చేసేలాగే, ఒక్క చెయ్యి పట్టుకుని పైకి లేపాను. కెవ్వుమంది. ఆ తరవాత చెయ్యి వేలాడేసింది, గిలక్కాయ ఇచ్చినా అందుకోలేదు.

పక్కింట్లో ఉంటున్న మన ఊరి జోగమ్మ వచ్చి, "ఏటమ్మా కంగారు? మీయమ్మ గుంజినట్టు ఒక్క గుంజు గుంజు, ఎముక కూకుంటాది" అంది. నేను గుంజేదాన్నే. కోడలు బిందుప్రియ పాపను లాక్కుంది. "వద్దత్తా! ఎముక ఇరిగిందో ఏటో మనకేటి తెలుత్తాది?" అంది.

ఆసుపత్రికి తీసుకెళ్తే, మోచేతి దగ్గర ఎముక పక్కకు తప్పిందని డాక్టరు మెల్లగా తిప్పి సరిచేశారు. పావుగంటలో పాప అదే చేత్తో నా గాజులు పట్టుకుంది. బిడ్డ కింద పడినా, చెయ్యి వాచినా ముందు ఎక్స్‌రే తీయాలట. విరిగిన చేతిని గుంజితే ఇంకా పాడవుతుందట.

అమ్మా, ఊళ్లో పిల్లల్ని నీ దగ్గరకే తెస్తారు. చెయ్యి కదపని బిడ్డను మాత్రం నువ్వు ముట్టుకోకుండా వెంటనే టెక్కలి ఆసుపత్రికి పంపు. చెల్లి కొడుకును చంకల కింద పట్టుకుని ఎత్తు. నీ బీపీ మాత్రలు ఉన్నాయా? నాన్న కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయించు.

స్నానానికి బిందుప్రియ పాపను ఇంకా నాకు ఇవ్వడం లేదు. నేనూ అడగలేదు.

నాన్నకు దండాలు, చెల్లికీ బాబుకీ ఆశీస్సులు.

నీ కూతురు
ఉమామహేశ్వరి