నళిని అక్క చానెల్

చిక్కపేట, బెంగళూరు

ప్రియమైన హరీశ్‌కి,

ఢిల్లీ చలికి మఫ్లర్ కట్టుకుంటున్నావా? ఫోన్ మాత్రం చేయకు. ఆపరేషన్‌లో గొంతు పోయినదాన్ని, అవతల నువ్వు "అక్కా, అక్కా" అంటుంటే ఇవతల నేనేం చేయను? నాకు కాగితమే సుఖం.

ఆపరేషన్‌కి ముందు నేను బడిలో పిల్లలకి చెప్పే కథలన్నీ నా చేత చెప్పించి రికార్డు చేశావు కదా. కింద పూలమ్మే మునిలక్ష్మి రోజూ అడుగుతోంది: "మీ కతలు టీవీలో ఎప్పుడొస్తాయక్కా? మా ఇంట్లో కేబులు లేదు, యాంటెన్నానే ఉండాది." ఆ కథల చానెల్‌కి లైసెన్సు కోసమే కదా నిన్ను ఢిల్లీ పంపాను, యాంటెన్నాకి అందేదానికే తీసుకురా. అంతదాకా ఇంటికి రావద్దు.

నీ మొండి అక్క,
నళిని

---

ప్రియమైన అక్కకి,

చానెళ్లకి లైసెన్సులిచ్చే ఆఫీసులో ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. ఇదివరకు ఒక తరంగం మీద ఒకే చానెల్ వెళ్లేదట. డిజిటల్ వచ్చాక అదే తరంగం మీద ఎన్నో సర్దవచ్చట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక మూల మాకివ్వండి సార్ అన్నాను. ఆయన నవ్వాడు. టవర్ నుంచి నేరుగా యాంటెన్నాకి పంపే హక్కు సర్కారుదేనట, ప్రైవేటువాళ్లకి ఇంకా ఇవ్వలేదట. శాటిలైట్ చానెలంటే పెద్ద కంపెనీ ఉండాలట.

రేపు ఇంకో ఆఫీసుకి వెళ్తాను. గంజి దిగుతోందా?

నీ తమ్ముడు,
హరీశ్

---

ప్రియమైన హరీశ్‌కి,

వెళ్లు. ఒకాయన కాదంటే సరిపోతుందా? నేను బాగానే ఉన్నాను.

నళిని

---

ప్రియమైన అక్కకి,

ఎక్కని గుమ్మం లేదు. అందరిదీ ఒకే మాట. ఒక పెద్దాయన నా ఫోన్‌లో నీ కథ విన్నాడు. తెలుగు రాకపోయినా చివరిదాకా విని, "చట్టం మారితే రా" అన్నాడు. అమ్మలా పెంచావు, నీకు ఈ ఒక్క పనీ చేయలేకపోయాను. ఉత్త చేతులతో నీ ముందు ఎలా నిలబడను?

హరీశ్

---

నా తండ్రీ,

పోస్టు దాకా ఆగలేక ఈ కాగితాన్ని ఫోటో తీసి పంపుతున్నాను.

ఆ లైసెన్సు రాదని నువ్వు రైలెక్కకముందే నాకు తెలుసు. ఆ నిబంధనలన్నీ ఆసుపత్రి మంచం మీదే చదివాను. అయినా పంపాను. ఇక్కడ నువ్వు రోజూ తలుపేసుకుని, నా రికార్డులు పెట్టుకుని ఏడ్చేవాడివి. పక్క గదిలో నేను బతికే ఉన్నాను కదరా! నా ముఖం చూడటానికే నీకు ధైర్యం లేకపోయింది. నాలుగు ఆఫీసులు తిరిగితే అదే వస్తుందిలే అనుకున్నాను.

జబ్బు మళ్లీ వచ్చిందని నిన్న డాక్టరు చెప్పాడు. ఈసారి కోయడానికి లేదట. మునిలక్ష్మే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. "తమ్ముడ్ని పిలిపించుకోక్కా, నాకు బయమేస్తా ఉండాది" అంది.

ఉత్త చేతులతోనే రా. నీకు ధైర్యం వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఇప్పుడు నాకే చాలడం లేదు.

నీ అక్క