బెల్ నొక్కకండి, లైటు వేయకండి

ఏమండీ, తలుపు తీసే ముందు ఇది పూర్తిగా చదవండి. లోపల ఏ స్విచ్చూ ముట్టుకోకండి. హాల్లో పెట్టిన మీ బండి పక్కకి పడి, ట్యాంకు కింద ట్యాప్ దగ్గర పగిలింది. ఎలాగో లేపి నిలబెట్టాను. పగులులో బట్టల సబ్బు అదిమితే ధార చుక్కలయింది గానీ ఆగలేదు. ఇల్లంతా పెట్రోలు వాసనే.

పడేసింది మామయ్య. మీరు లేనప్పుడు దానిమీద ఎక్కి కూర్చోవడం ఆయనకి సరదా. ఇవాళ స్టాండు కూడా తీశారు. దెబ్బలు తగల్లేదు గానీ, మీరు తిడతారని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నారు. జేబులో సిగరెట్లూ అగ్గిపెట్టే ఉన్నాయి. కంగారు పుడితే ముట్టించకుండా ఉండలేరని మీకు తెలుసు. అగ్గిపెట్టె కిటికీలోంచి ఇచ్చెయ్యమని బతిమాలాను. "వాడికి నా ముఖం ఎలా చూపించనమ్మా, నన్నొదిలెయ్" అంటారే తప్ప కదలరు. మీ ఫోను కలవడం లేదు. మెకానిక్‌నీ, గడియ విరగ్గొట్టే మనిషినీ తీసుకురావడానికి పరిగెడుతున్నాను.

మీరు వెనక కిటికీ దగ్గరికి వెళ్ళి పిలవండి. బండి మాట ఎత్తకండి. కిందటిసారి అద్దం విరిగినప్పుడు మీరన్న మాటలు ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

అన్నట్టు, "నాన్నా" అని పిలవండి. "ఏం, వినబడిందా" అనడమే గానీ, ఈమధ్య మీరు ఆయన్ని అలా పిలవడం నేను వినలేదు.