అక్క పోంచోలో పడ్డ మెలిక

సోమవారం, ఉదయం
నిర్ణయం తీసుకున్నాను! అక్కకి పోంచో అల్లుతాను. నేనే. నా చేతులతోనే.
భుజం ఆపరేషన్ అయ్యాక అక్క మా ఇంట్లోనే ఉంటోంది. కుడి చెయ్యి పైకి లేవదు, స్వెట్టర్లో దూరదు. దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చుంటోంది. పోంచోకైతే చేతులతో పనే లేదు, తల దూరితే చాలు. ఆదివారానికల్లా పూర్తి!
"మీ గిటారు మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. ఈ సూదుల మీద ఏం ఆరెయ్యమంటారు?" అంది మా ఆవిడ. నేను ఆరంభశూరుణ్ణట. చూద్దాం.

సాయంత్రం
ఊలు కొట్లో ఆవిడ వైరుతో కలిపిన సూదుల జత ఇచ్చింది. మెడకి సరిపడా కుట్లు ఎక్కించి, రెండు కొసలూ కలిపేసి, గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే.
"కలిపేముందు కుట్లన్నీ ఒకే వైపు తిరిగున్నాయో లేదో చూసుకోండి. మెలిక పడిందంటే మొత్తం విప్పుకోవాల్సిందే."
"నాకు తెలుసండీ" అన్నాను. ఏం తెలుసు? సూది ఎలా పట్టుకోవాలో కూడా ఆవిడే చూపించింది.

మంగళవారం
నాలా డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడికి పక్కసీట్లో పనేముంది? అల్లడమే! మైదానంలో కొత్తావిడ రివర్స్ నేర్చుకుంటోంది. సరిగ్గా నేను కొసలు కలుపుతుండగా క్లచ్ ఠక్కున వదిలేసింది. కారు ఎగిరిపడింది. ఊలుండ వెనకసీటు కిందకి దొర్లింది.
అయినా కలిపేశాను! "ముందు అద్దాలు చూసుకోవాలమ్మా" అని ఆవిడకి క్లాసు కూడా పీకాను.

బుధవారం
అల్లిక పరుగులు పెడుతోంది! టీవీ బంద్. ఫోన్ బంద్. టీ బంద్ (ఒక్కసారి తాగాను).
ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. అక్క చెయ్యి ఎత్తనంది.
"ఇలా వదిలేస్తే భుజం బిగుసుకుపోతుందండీ. తర్వాత జడ కూడా వేసుకోలేరు."
"నొప్పమ్మా. రేపు చేస్తాలే."
ఈ 'రేపు' మా వంశంలోనే ఉంది. కానీ నాకు నిజంగా భయమేసింది. అక్కకి జడ ఎవరో వెయ్యాల్సి రావడమా?

గురువారం
మా ఆవిడ పోంచోని అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇదేంటండీ, ఇక్కడ లోపలికి తిరిగిపోయింది?"
"డిజైన్" అన్నాను.
గదిలో తలుపేసుకుని తల దూర్చి చూశాను. మెలిక! కొసలు కలిపిన రోజే పడింది. తప్పు క్లచ్ వదిలినావిడది. వైరుది కూడా. ఆడలేక మద్దెల ఓడన్నాడంటారు, తెలుసు. అయినా ఆ వైరు మంచిది కాదు.

శుక్రవారం
ఇస్త్రీ చేశాను. కుక్కతోక వంకర. ఇల్లంతా కాలిన వాసన.
తడిపి, నీళ్ళ సీసాలు కట్టి వేలాడదీశాను. ఇప్పుడు మెలిక పొడుగ్గా ఉంది.

శనివారం
అల్లలేదు. కారణాలు: మెడ పట్టేసింది. కారు సర్వీసింగ్. శనివారం.
పోంచో సోఫా సందులో ఉంది. ఎవరూ చూడలేదు.

ఆదివారం
రిమోట్ కోసం సోఫా సందులో చెయ్యి పెట్టిన అక్క పోంచోని బయటికి లాగింది.
"ఒరేయ్, ఇదేంట్రా?"
అంతా చెప్పేశాను. భుజం పట్టుకుని మరీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.
"నీకు చలేస్తుంటే ఈ ఒక్క పనీ చెయ్యలేకపోయానక్కా."
"ఊరుకో. ఇటు తే, విప్పుదాం."
సూది లాగి పక్కన పడేసింది. నేను పోంచో పట్టుకుంటే తను ఊలు లాగి ఉండ చుట్టడం మొదలుపెట్టింది. మొదట ఎడంచేత్తోనే. ఊలు చిక్కుపడేసరికి విసుక్కుని కుడిచెయ్యి సాయం తెచ్చింది. నేను పోంచోని కొంచెం పైకెత్తాను. చెయ్యి ఛాతీదాకా వచ్చింది. ఇంకొంచెం ఎత్తాను. గడ్డందాకా వచ్చింది!
ఆ మాట పైకి అంటే ఎక్కడ దింపేస్తుందోనని ఊలుకేసే చూస్తూ కూర్చున్నాను. గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క మాత్రం నన్ను తిట్టుకుంటూ ఉండ చుడుతూనే ఉంది.

సోమవారం
నిర్ణయం తీసుకున్నాను! కారులో కాదు, భోజనాల బల్ల మీద. కుట్లన్నీ మళ్ళీ ఎక్కించి, ఒక్కోటీ వేలితో తడిమి చూశాను. మా ఆవిడ కూడా చూసింది. అన్నీ ఒకే వైపు. వచ్చే ఆదివారానికల్లా పూర్తి!
కలపబోతుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. కుడిచెయ్యి ఎత్తి చూపించింది. గడ్డం దాటలేదు.
"ఇంకా జడదాకా రావట్లేదురా. ఈసారి కూడా మెలిక పడనియ్యి."