పోయొస్త అని ఎవరికన్నావు?

పెన్‌పహాడ్,
9 మార్చి 1972.

చిరంజీవి బీరేశాన్ని మీ నాయిన కాటయ్య మనసారా దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ మీ అవ్వ బాగుంది, నేను బాగున్నాను, గొర్రెలు బాగున్నాయి, మన కుక్క కూడా బాగుంది. నీ మీద నా కోపం అందరికంటే బాగుంది, రోజురోజుకూ బలుస్తోంది. నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను.

అక్షరాలు చూసి బెదరకు. ఇది పోస్టు పాపయ్య చేతిరాత కాదు, నాదే. నాలుగో తరగతి దాకా నేర్చుకున్న చదువును ఇన్నేళ్ళూ సంతకానికి తప్ప వాడలేదు. ఏడాదిగా మీ అవ్వ చెబుతుంటే పాపయ్య రాశాడు. చివర "నాయిన దీవెనలు" అని కూడా వాడే కలిపాడు, నేను చెప్పలేదు. నేను ఒక్క మాటా చెప్పలేదు. ఆ సంగతి నీకు తెలుసు, పోయిన ఉత్తరంలో అడిగావు కూడా. దాని దగ్గరికి వస్తాను. నీలం రంగు విమానం కాగితాలు మూడు కొన్నాను. "ఒక్కటి సాలదా కాటయ్య మామా?" అన్నాడు పాపయ్య. "తిట్టనీకే రెండు గావాలె" అన్నాను.

ముందు సంతోషం చెప్పుకోనీ, లేకపోతే ఛాతీ పగిలిపోతుంది. నీ ఏడాది పూర్తయిందట! ఏప్రిల్ నాలుగున విమానం ఎక్కుతావట! ఆ వాక్యాన్ని పాపయ్య చేత మూడుసార్లు చదివించాను. మూడోసారి వాడు విసుక్కున్నాడు, నాలుగోసారి చదివించాను. ఆ పొద్దు నుంచి ఎదురైన మనిషికల్లా చెబుతున్నాను. కోదాడ సంతలో పొట్టేలు బేరానికి వచ్చిన వాడికి, బేరం సంగతి మరిచి నీ సంగతి చెప్పాను. "మా పిలగాడు పశువుల డాక్టరు చదువుతుండు. సర్కారు వాణ్ణి ఏడాది పని నేర్సుకొమ్మని ఆస్ట్రేలియాకు తోలింది. గాడ ఒక్క దొరకే పదివేల గొర్లు. ఇగ వస్తుండు, మిగిలిన చదువు ఖతం చేస్తడు" అన్నాను. "పొట్టేలు ఇస్తవా ఇయ్యవా?" అన్నాడు వాడు. ఇవ్వను పో అన్నాను. సంతోషం అర్థం కాని వాడికి నా పొట్టేలు ఎందుకు?

ఇక నువ్వు అడిగిన వాటికి జవాబులు. నా మోకాలు నడుస్తోంది, నడిచినంత సేపు తిడుతోంది. గొర్రెల కాళ్ళ పుండ్లకు నువ్వు రాసినట్టే మైలుతుత్తం నీళ్ళు గుంటలో పోసి అందులోంచి నడిపించాము. పదమూడింటికి కుంటు పోయింది. ఇది నీ గొప్ప అని ఒప్పుకుంటున్నాను, ఒక్కసారే. మంద ఎక్కడ మేస్తోందని అడిగావు. ఎక్కడ మేస్తుంది? కాలువ వచ్చాక బీళ్ళన్నీ మళ్ళయ్యాయి. నిడమనూరు వైపు తోలుకుపోతే నాట్లు తొక్కుతున్నాయని కర్రలు పట్టుకుని వస్తున్నారు. ఒకప్పుడు మా చేన్లో మంద పెట్టు కాటయ్యా, ఎరువు కావాలె అని గడప ముందు కూచున్న వాళ్ళే. ఇప్పుడు యూరియా బస్తా ఇంట్లో ఉంది, కాటయ్య ముఖం గుర్తు లేదు. మాడుగులపల్లి అవతల గుట్టల మీద ఇంకా కొంత గడ్డి ఉంది. అక్కడికి పోతున్నాము.

సరే. ఇప్పుడు నీ పని చెబుతాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పోస్టాఫీసు పంచలో అందరం కూర్చున్నాము. పాపయ్య పైకి చదువుతున్నాడు. మీ పెద్దనాయిన పెద్దయ్య కూడా ఉన్నాడు, వాడు పిలవకపోయినా వస్తాడు కదా. విమానానికి ఇంకా రోజులున్నా, కోత పనివాళ్ళు వెళ్ళిపోకముందే అని గొర్రెల బొచ్చు కత్తిరించే కొట్టంలో నీకు వీడ్కోలు ఇచ్చారట. చాయ్ పోశారట, తీపి రొట్టె కోశారట, రెండు మాటలు మాట్లాడమన్నారట. నువ్వు లేచి "ఐ విల్ గో అండ్ కమ్" అన్నావట. పాపయ్య ఆగి, తెలుగులో చెప్పాడు: "పోయొస్త అన్నడు మామా."

అందరూ చప్పట్లు కొట్టారని రాశావు. నీ ముసలి దొర కళ్ళు తుడుచుకుని, మరునాడు నువ్వు పండుకునే గది తలుపుకు నీ పేరు చెక్క కొట్టించాడట. ఒక కుక్కపిల్లను చూపించి "నువ్వు వచ్చేసరికి ఇది పెద్దదవుతుంది" అన్నాడట. పోతూ పోతూ ఎవరైనా అనే మాటను ఆ మనిషి ఒట్టు అనుకున్నాడని నీకు అప్పుడు తెలిసిందట!

పెద్దయ్య తొడ మీద చరుచుకుని నవ్వాడు.

"ఇన్నవా తమ్మీ? మనకేమో పోతున్న అన్నడు. తెల్లోళ్ళకేమో పోయొస్త అన్నడు. ఏ ఇంటికి రావాల్నో పిలగానికి మంచిగనే ఎర్క."

"నీ నోట్ల మన్నువడ, లెవ్ ఈడికెల్లి" అన్నాను.

"నా మీద ఎగురుతవేంది? సూర్యాపేట బస్టాండ్ల వాడు గా మాట అన్నడని ఊరంత జెప్పింది నువ్వే గద!"

నేను పాపయ్య చేతిలోంచి ఉత్తరం లాక్కున్నాను. మూల చిరిగింది. "సర్కారు టపా మామా, చింపొద్దు!" అని వాడు మొత్తుకున్నాడు. "సర్కారుది గాదు, నా కొడుకుది" అని అరిచి వచ్చేశాను. పెద్దయ్యతో మాటలు బంద్. పాపయ్యతో సగం బంద్, ఎందుకంటే స్టాంపులు వాడి దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. కన్నవాళ్ళకు "పోతున్న", పరాయి వాడికి "పోయొస్త"నా? ఎవడురా ఆ దొర? వాడికి నువ్వేమవుతావు? నువ్వు పోయే ముందు నేను నా చేతులతో వడికిన దారంతో నేయించి ఇచ్చిన గొంగడిని అక్కడి చలికాలంలో వాడికి కప్పావట. చలికి వణుకుతున్నాడని జాలిపడ్డావట. నల్ల గొర్రె పుడితే మందలో ఉంచరని, ఒక్క నల్ల వెంట్రుక కలిసినా బొచ్చు మూటంతా చెడిందంటారని రాసింది నువ్వే. మన గొర్రెలన్నీ నల్లవే! మన బతుకంతా వాడు ఏరి పారేసే బొచ్చే! అలాంటి వాడి భుజాల మీద మన గొంగడి వేశావు. వేస్తే వేశావు, "పోయొస్త" కూడా అన్నావు. వెంటనే వాడికి ఉత్తరం రాసి ఆ మాట వాపసు తీసుకో. పేరు చెక్క పీకేయమను. కుక్కపిల్లను ఇంకెవరికైనా ఇమ్మను.

ఇంటికి వచ్చి ఇదంతా చెబితే మీ అవ్వ నాకే ఎదురు తిరిగింది. "ఆ ముసలాయనకు పెండ్లాం లేదని రాసిండు గద పిలగాడు. పోయొస్త అంటె నీ సొమ్మేం పాయె?" అంది. తర్వాత జొన్నపిండి కలుపుతూ తనలో తాను అన్నట్టు అంది: "మనకే పోతున్న అని ఎందుకన్నడో నాకు ఇప్పటికి సమజ్ గాదు. చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు గూడ పోయొస్త అవ్వా అనేటోడు."

నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. లాక్కొచ్చిన ఉత్తరంలో పాపయ్య చదవని చివరి పేజీ ఉంది. కూడబలుక్కుని నేనే చదివాను. పొద్దు గుట్ట దిగేదాకా పట్టింది.

"నాయినా, ఏడాదిలో నువ్వు ఒక్క మాట రాయలేదు. ఇక్కడ దొర ఇంకో ఏడాది పని ఇస్తానంటున్నాడు. నేను ఒక్కటే అడుగుతున్నాను. నేను తిరిగి రావాలని నీకు ఉన్నదా? లేదంటే టికెట్టు మార్చుకుంటాను. నీ మాట కోసం ఏప్రిల్ నాలుగు దాకా చూస్తాను."

ఎంత మాట అడిగావురా! కొడుకు తండ్రిని అడిగే మాటేనా అది? కాగితాన్ని పట్టుకుని నిన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ మూడు నీలం కాగితాలూ చాలవు. తిట్టీ తిట్టీ నోరు ఎండిపోయాక, ఆ ప్రశ్న అక్కడే ఉంది. నేనెటు తిరిగితే అటు వచ్చి నిలబడింది.

బీరేశం, ఇప్పుడు రాసేది పాపయ్యతో రాయించగలిగేది కాదు.

ఆ పొద్దు సూర్యాపేట బస్టాండులో మీ అవ్వ నీకోసం జామకాయలు కొనడానికి గేటు దాకా పోయింది. నువ్వు సంచి సీటు మీద పెట్టి కిందికి దిగావు. కండక్టరు విజిల్ ఊదుతున్నాడు. నువ్వు నా కాళ్ళు మొక్కడానికి వంగావు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. నీ చేయి ఉత్త మట్టిని తాకింది. అయినా నువ్వు లేచి "పోయొ" అన్నావు. అంతవరకు నీ నోట్లోంచి వచ్చింది, నేను విన్నాను. మిగతాది రానీయకుండా నేను "పో" అన్నాను. మనలో పోయేవాణ్ణి పెద్దవాళ్ళు "పోయిరా" అనాలి. శత్రువునైనా గడప దిగేటప్పుడు అలాగే అంటాము. నేను కన్నకొడుకును "పో" అన్నాను. "నీకు గొర్లు వద్దు, మేము వద్దు, పో" అన్నాను.

అప్పుడు నువ్వు "పోతున్న నాయినా" అన్నావు. మీ అవ్వ జామకాయలతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఆ చివరి మాట ఒక్కటే ఆమె చెవిన పడింది.

ఎందుకన్నానంటే, ఆ వారమే కాలువ నీళ్ళు మన బీడులోకి వచ్చాయి. మంద నిలిచే జాగా లేదు, చేతికందిన కొడుకు సముద్రం దాటుతున్నాడు. తిరిగి వచ్చి ఈ వాసన పడదంటావని, నువ్వు అనకముందే నేను అనేశాను. అది కారణం, సాకు కాదు. ఊరికి వచ్చి పెద్దయ్య ముందు, పాపయ్య ముందు "వాడు పోతున్న అన్నడు, పోయొస్త అనలె" అని నేనే చాటాను. నా నోటి మాటను నీ నోట్లో పెట్టాను. నీకు ఏం రాయాలో తెలియక ఏడాది ఊరుకున్నాను. కోపమని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే కనిపించాను.

మీ అవ్వ నీ నోటి నుంచి కీడు మాట వచ్చిందని భయపడి, బీరప్ప గుళ్ళో ముడుపు కట్టి ఏడాదిగా సోమవారం సోమవారం ఒక్కపొద్దు ఉంటోంది. ఆమె పస్తులు చూస్తూ నేను కడుపునిండా తిన్నాను.

మూడు రోజుల కింద ఆమెకు చెప్పేశాను. రొట్టె పెనం మీద మాడిపోయింది, ఆమె తిప్పలేదు. "అంటె నేను ఏడాది పస్తులున్నది వాని నోటికి గాదా? నీ నోటికా?" అంది. "ఇగ నువ్వుండు ఒక్కపొద్దు. ముడుపు గూడ నువ్వే ఇప్పు" అంది. నా కర్ర తీసుకుని తనే మందతో పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే కుక్కతో చెబుతోంది: "మీ పెద్దమనిషికి చెప్పవే, అంబలి కుండల ఉందని." ఆమె పాపయ్యతో ఉత్తరం రాయించదట. "ఎవరు అన్నరో వాళ్ళే రాయాలె" అని అది కూడా కుక్కకే చెప్పింది. అందుకే ఈ వంకర అక్షరాలు.

ఈ ఉత్తరం వేయడానికి పోయినప్పుడు పంచలో అందరి ముందు ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్దయ్య నవ్వుతాడు. నవ్వనీ, ఆ తర్వాత మామూలుగా తిడతాను.

పైన నీ దొర గురించి రాసింది సిరాతో రాశాను, చెరపలేను. కొట్టేసినట్టు చదువుకో. ఆ మాట వాపసు తీసుకోకు. నువ్వు ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా నీ నోటికి "పోయొస్త" తప్ప వేరే మాట రాదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారే వేరే మాట అన్నావు, అది నా నోటి నుంచి తీసుకున్నది. ఆ ముసలాయనకు ఉత్తరం రాయి. మా దిక్కు ఈ మాటకు అర్థం, నీ మీద మనసుంది అని చెప్పు. ఎప్పుడొస్తావో రాయకు, అబద్ధం చెప్పకు. గొంగడి తడిస్తే ఎండలో కాదు, నీడలో ఆరేయమను. ఆయన మీద నాకు ఇంకా కొంచెం కోపం ఉంది. అయినా పేరు చెక్కను ఉండనీయమను.

నా మాట కోసం చూస్తానన్నావు. ఇదిగో. ఏడాది ఆలస్యంగా, నా చేత్తో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

పోయిరా బిడ్డా.

పోవడం అయిపోయింది. మిగిలింది రెండో సగం. అది మాత్రం ఆలస్యం చేయకు.

ఇట్లు,
సూర్యాపేట బస్టాండులో ఈసారి కాళ్ళు కదపకుండా నిలబడే
మీ నాయిన,
కాటయ్య.