మిల్లు చుట్టు దారి

3 ఆగస్టు 2023, సాయంత్రం ఆరు

ఎరువుల దుకాణంవాడు ఇచ్చిన డైరీ ఇది. ఏడు నెలలు ఖాళీగా పడి ఉంది. నేను ఏడో తరగతి వరకే చదివాను. నోరు తెరిస్తే ఊరి మాట వస్తుంది, పెన్ను పడితే పేపరు మాట వస్తుంది. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను. నాకు కడుపు మండుతోంది.

మా మనవరాలు మనస్విని తొమ్మిదో తరగతి. మొన్నటి దాకా బడి నుంచి రాగానే బ్యాగు విసిరేసి నా మంచం మీద కూర్చునేది. తాతా, పొడుపుకథ వెయ్యి అనేది. ఇప్పుడు నేరుగా బెంజమిన్ సారు వసారాలోకి పోతోంది. సారు రిటైరైన ఇంగ్లీషు టీచరు, మా గల్లీ చివరి ఇల్లు. వచ్చే నెల నల్లగొండలో పోటీ ఉందట. అడ్డం వచ్చినదాన్ని తప్పించుకునే ఇంగ్లీషు మాటలన్నీ చెప్పాలట. తప్పించుకోవడం నేర్పాలంటే ఈ కేతేపల్లిలో నాకంటే పెద్ద సారు ఎవడున్నాడు?

చాయ్ హోటలుకు పోవాలంటే ఆ వసారా ముందు నుంచే పోవాలి. రెండు కుర్చీలు, రెండు తలలు, ఒకటే నవ్వు. చూడలేక రైస్ మిల్లు చుట్టూ తిరిగి పోయాను. గట్లెందుకు పోతున్నవు మామా అని కోడలు అరుణమ్మ అడిగింది. మోకాళ్లు పట్టేస్తున్నయ్, జర ఎక్సర్‌సైజ్ అన్నాను. నొప్పీ లేదు ఏమీ లేదు, నా మోకాళ్లు బండరాళ్లు.

5 ఆగస్టు

మళ్లీ మిల్లు చుట్టే.

9 ఆగస్టు

పిల్ల స్నానానికి పోయినప్పుడు దాని నోటుబుక్కు తీశాను.

డక్ అంటే బాతు అనుకునేవాణ్ని. తల వంచి తప్పించుకోవడం కూడా డక్కేనట. ఎవాయిడ్ అంటే అరుణమ్మ వండిన కాకరకాయ ముందు నేను చేసేది. ఎస్కేప్ నాకు ముందే తెలుసు, పెండ్లినాడు చేయాల్సింది. బీట్ అరౌండ్ ది బుష్ అని ఒకటి ఉంది. దాని పక్కన సారు చేత్తో రాశాడు, డొంకతిరుగుడు మాటలు అని. రాత అచ్చు వేసినట్టు ఉంది. నాది కోడి గెలికినట్టు ఉంటుంది. పేజీ మూసేశాను.

11 ఆగస్టు

ఈరోజు నాదే గెలుపు!

అన్నం తింటుండగా అడిగాను, పొద చుట్టూ ఎందుకు కొడతరో మీ సారుకు తెలుసానే అని. మనస్విని నమిలేది ఆపింది. నీకెట్ల తెలుసు తాతా అన్నది. నేను చిన్నప్పుడు బాపుతో గుట్టకు కౌజు పిట్టల వేటకు పోయేవాణ్ని. నేరుగా పొదలో చెయ్యి పెడితే పామో తేలో ఉంటది బిడ్డా, అందుకే కట్టెతోటి చుట్టూ కొడతం, పిట్టలు లేచి వలల పడతయ్, కొట్టేటోడు వేరే, పట్టేటోడు వేరే అని చెప్పాను. అది చెయ్యి కడుక్కోకుండానే లేచి రాసుకున్నది. నా మాట, ఆ పుస్తకంలో!

12 ఆగస్టు

బడి నుంచి వచ్చి, సారు దగ్గరికి పోయి, మళ్లీ ఉరికొచ్చింది. సారు మస్తు ఖుషీ అయిండు తాతా, నలభై ఏండ్లు చెప్పిన గని గీ సంగతి తెల్వదన్నడు, నిన్నూ... అన్నది. ట్రాక్టరు చప్పుడుకు ఏం ఇనబడ్తలేదు పో అన్నాను. ట్రాక్టరు ఏమీ లేదు. ఆ మనిషి మంచివాడని వింటే నాకు ఇంకా మంట.

14 ఆగస్టు

మిల్లు మూలనుంచి తొంగి చూశాను. వసారాలో మూడు కుర్చీలు! మూడోది చేతుల కుర్చీ, పైన దిండు కూడా. ఎవరో పెద్దింటి పిల్లను కూడా తయారు చేస్తున్నట్టున్నాడు. మా పిల్లకేమో ప్లాస్టిక్ స్టూలు లాంటిది.

22 ఆగస్టు

ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు సార్లు పెన్ను మూశాను.

మనస్విని ఏడుపు మొహంతో వచ్చింది. సారుకు బైపాస్ అంట తాతా అన్నది.

మాది హైవే పక్క ఊరు. ఇక్కడ బైపాస్ అంటే ఒకటే అర్థం. అధికారులు వస్తారు, ఎర్ర రంగుతో గోడ మీద గీత గీస్తారు, సగం ఇల్లు పోతుంది. నా లోపల ఏదో తీయగా అయింది. ఎన్ని గజాలు పోతదంట? వసారా మొత్తం పోతదా, ఒక్క కుర్చీ అన్న మిగులుతదా అన్నాను. నవ్వాను కూడా.

పిల్ల నన్ను చూసింది. లోపలికి పోయింది.

అరుణమ్మ బయటకు వచ్చి గొంతు తగ్గించి, రోడ్డు కాదు మామా, గుండెకు అన్నది.

23 ఆగస్టు

మాట్లాడటం లేదు. చాయ్ కూడా తల్లి చేతే పంపింది.

25 ఆగస్టు

సారును కొడుకు హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. గల్లీ అంతా పోయి సాగనంపింది. నేను మిల్లు వెనక నిలబడ్డాను. కారు అటు నుంచే పోయింది. సారు అద్దం దించి చెయ్యి ఊపాడు. నేను ఊపానో లేదో గుర్తు లేదు.

28 ఆగస్టు

సాయంత్రాలు ఇప్పుడు నావే. మనస్విని నా మంచం మీదే కూర్చుంటోంది, ఆ నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని. ఒక పొడుపుకథ వేశాను. విప్పలేదు. ఇంకొకటి వేశాను. తల ఎత్తకుండా, నువ్వు అనుకున్నట్టే అయింది గద తాతా అన్నది.

పామో తేలో అని చెప్పింది నేనే. చెయ్యి పెట్టిందీ నేనే.

2 సెప్టెంబరు, పొద్దున పది

ఆపరేషను ఈరోజు. కాలి నరం తీసి, మూసుకుపోయిన దారి పక్కనుంచి కొత్త దారి వేస్తారట. అంటే రోడ్డే కదా. నేను అన్నది మరీ తప్పేం కాదు. ఇది ఎవరికీ చెప్పను.

2 సెప్టెంబరు, మధ్యాహ్నం మూడు

ఫోను రాలేదు. సారు కొడుకు నంబరు కోడలి దగ్గర ఉంది. అడగలేదు. ఊరికే మిల్లు చుట్టూ నాలుగు సార్లు తిరిగాను.

2 సెప్టెంబరు, సాయంత్రం

మంచిగనే ఉన్నడంట అని పిల్లే వచ్చి చెప్పింది. పదకొండు రోజుల తర్వాత తనంతట తాను నాతో మాట. నేను మొహం తువ్వాలతో తుడుచుకున్నాను. చెమట అన్నాను.

8 సెప్టెంబరు

నల్లగొండలో మనస్వినికి బహుమతి రాలేదు. కౌజుల సంగతి చెప్తే జడ్జి మేడం లేచి చప్పట్లు కొట్టిందట. ఎవరు చెప్పారని అడిగితే, మా ఇద్దరు సార్లు అన్నదట. రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

19 సెప్టెంబరు

సారు ఇంటికి వచ్చి మూడు రోజులు. మూడు రోజులూ మిల్లు.

20 సెప్టెంబరు

నేరుగా పోయాను.

రోడ్డు ఎట్ల పడ్డది సారూ అన్నాను. సారు రొమ్ము పట్టుకుని నవ్వాడు. నాలుగు లైన్లు పడ్డది బుచ్చయ్యా, నవ్వియ్యకు, కుట్లు గుంజుతయ్ అన్నాడు. చేతుల కుర్చీ చూపించాడు. ఎవరిదో కదా అన్నాను. నీదే తాతా, ఆగస్టు నుంచి నీదే, చెప్పబోతే ట్రాక్టరు చప్పుడన్నవు అన్నది మనస్విని. దిండు ఎందుకే అన్నాను. నీకు మోకాళ్ల నొప్పులని నేనే సారుకు చెప్పిన అన్నది.

కూర్చున్నాను. మోకాళ్ల సంగతి మాత్రం ఈరోజు కూడా చెప్పలేదు.