వార్డులో రైట్ రైట్

అక్కా,

నేను క్షేమం, బెంగపడకు. నలభై ఏళ్ళ వయసులో కండక్టరు ఉద్యోగం మానేసి, దేశం దాటి నర్సు చదువేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారుగా! నిన్న ఆ కండక్టరు గొంతే నన్ను గట్టెక్కించింది. తుంటి ఆపరేషనైన పెద్దాయన మూడు రోజులుగా మంచం దిగనంటున్నాడు. ఆయన్ని నడిపించడమే నాకు పరీక్ష. టీచరమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఎంత బతిమాలినా వినకపోయేసరికి, నోరు జారి "రైట్ రైట్! ముందుకు జరగండి!" అని మన భాషలోనే కేకేశాను. వార్డంతా ఉలిక్కిపడింది. ఏమన్నావని ఆయన అడిగాడు. బస్సులో నా పాత మాట అని చెప్తే పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకుని లేచి నాలుగడుగులు వేశాడు. పాసయ్యాను!

బావ మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లెక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు వెయ్యమను. పాపకి కళ్ళజోడు మార్పించావా? నా ఊలు స్వెట్టరు పంపు, ఇక్కడ చలి కొరికేస్తోంది.

పాప నిన్ను అమ్మా అంటోందని, నువ్వు "పెద్దమ్మా అను" అని దిద్దుతున్నావని రాశావు. దిద్దకక్కా. "నువ్వు వెళ్ళు, పిల్ల నాది" అని నువ్వనబట్టే నేనిక్కడున్నాను. ఆ పిలుపు మనిద్దరిదీ.

నీకూ బావకీ ఇక్కణ్ణుంచే దణ్ణం.

నీ చెల్లి